పప్పు వచ్చే నెల

మా ఊరి పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. దాని నెత్తిన 'ఆస్పత్రి వీధి ఆకలి నివారణ సంఘం' అని బోర్డు. మంచం మీది రోగికి ఆసుపత్రి వాళ్లు ఇంత ముద్ద పెడతారు గానీ, మంచం పక్కన కూర్చున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఆ మనిషికి మధ్యాహ్నం పూట కడుపునిండా అన్నం పెట్టడం మా సంఘం పని. పోస్టాఫీసులో రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను చూడలేక మా ఆవిడ పోరితే ఈ సంఘానికి కార్యదర్శినయ్యాను.

షెడ్డు గోడకు ఒక నల్లబల్ల. దాని మీద 'నేటి అన్నదాత' అని రోజుకో పేరు రాస్తాం. పెళ్లిరోజులు, పుట్టినరోజులు, పెద్దల తద్దినాలు, ఎవరి రోజున వాళ్ల పేరు. పూట భోజనానికి అయిదువేల నూట పదహార్లు. ఆ నూట పదహార్లు ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు. చివర సున్నాలతో ఇస్తే మా ఊళ్లో ఇచ్చినట్టు కాదు.

చిక్కంతా మైకుతో వచ్చింది. మైకు చేతికందితే మావాళ్లలో ఎంత గట్టివాడికైనా చెయ్యి పెద్దదవుతుంది. వార్షికోత్సవం నాడు ఒకరు అయిదు పూటలంటే పక్కవాడు పది పూటలంటాడు. శాలువాలు కప్పించుకుని, చప్పట్లు కొట్టించుకుని ఇళ్లకు పోతారు. ఆపైన ఏడాది పొడుగునా నేను చెప్పులరిగేలా తిరగాలి. 'రేపు రండి' అనేవాళ్లు ఎంతో మర్యాదస్థులు. ఒకాయనైతే నన్ను వీధి మలుపులో చూడగానే పూజగదిలో దూరి తలుపేసుకునేవాడు. ఆయన నాస్తికుడు.

ఇలా వసూళ్లు సగానికి సగం మునుగుతున్నా, వచ్చిన దాంతో వంటావిడ మంగతాయారు ఏదో విధంగా నెట్టుకొచ్చేది. కూర తగ్గితే పులుసు పెంచేది. ఎవరూ ఆకలితో లేచింది లేదు. అలాగే జరిగిపోయేదేమో, మా అధ్యక్షులు సత్యానందం గారు హైదరాబాదు వెళ్లి దాతృత్వ సదస్సులో కూర్చోకపోతే.

సత్యానందం గారికి మూడు కల్యాణ మండపాలు, ఒక ఇటుకల బట్టీ ఉన్నాయి. మనిషి చెడ్డవాడు కాదు. కొత్త మాట వింటే మాత్రం ఆగలేడు. సదస్సు నుంచి ఆయన 'దాతృదర్శిని' అనే సాఫ్ట్‌వేరును, దాన్ని నడపడానికి ప్రణీత్ అనే నిపుణుణ్ణి వెంటబెట్టుకు వచ్చారు.

ప్రణీత్ మా పుస్తకాలు తిరగేసి నిట్టూర్చాడు.

"సర్, మీ దగ్గర దాతలున్నారు. కానీ దాతృ సంబంధ నిర్వహణ లేదు. ఒక దాత మాట ఇచ్చిన క్షణం నుంచి ఆ మాటను పోషించాలి, పెంచాలి."

"మాట ఇచ్చినవాళ్ల చేత డబ్బు ఇప్పిస్తుందా ఇది?" అని నేను అడిగాను.

"డబ్బు చివరి దశ సర్. మనం ఇంకా మొదటి దశలో ఉన్నాం."

మైకులో పలికిన మొత్తాలన్నీ 'వాగ్దానాలు' అనే గడిలో ఎక్కించాడు. ప్రతి వాగ్దానానికీ అయిదు నెలవారీ వాయిదాలు. గోడ మీద బొమ్మ వేసి చూపిస్తే గీత రేకులు తాకేలా పైకి పోయింది. కార్యవర్గం నోరు తెరిచింది.

"ఇంత డబ్బు మన దగ్గరుందా?" అన్నారు సత్యానందం గారు.

"ఉందని కాదు సర్. ఉంటుందని ఉంది."

ఆ జవాబు అందరికీ నచ్చింది. అప్పటికప్పుడు తీర్మానం రాయించారు: 'సంఘ కార్యకలాపములన్నియు ఇకమీదట దాతృదర్శిని ద్వారానే నిర్వహింపవలెననియు, అధ్యక్షులతో సహా ఎవ్వరును దానిని అతిక్రమించు అధికారము కలిగియుండరాదనియు తీర్మానించడమైనది.' చివరి ముక్క ప్రణీత్ అడిగి పెట్టించాడు. సత్యానందం గారు దాని కింద అందరికంటే పెద్ద సంతకం చేశారు.

మొదటి దెబ్బ భాస్కరాచారి గారికి తగిలింది. ఆయన రిటైర్డ్ బస్సు కండక్టరు. ఏటా భార్య తద్దినానికి వారం ముందు వచ్చి, కవరులో అయిదువేల నూట పదహార్లు నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా పోయే మనిషి. ఈసారీ అలాగే వచ్చాడు. ప్రణీత్ కవరు వెనక్కి తోశాడు.

"మీకు వాగ్దానం లేదు సర్. వాగ్దానం లేని చెల్లింపును సిస్టం తీసుకోదు."

"డబ్బే ఇస్తన్నాను కదండీ. మళ్లీ ఇస్తానని చెప్పడం దేనికి?"

"ముందు ఇస్తానని చెప్పాలి. తర్వాత గుర్తు చేస్తాం. అప్పుడు ఇవ్వాలి."

"టిక్కెట్టు డబ్బులు చేతిలో పెట్టిన పాసింజరుని దిగి మళ్లీ ఎక్కమన్నట్టుందండి," అని గొణుక్కుంటూ ఆయన వాగ్దానం చేశాడు. ఫోనుకు మెసేజి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, రాగానే మొత్తం కట్టేశాడు. సిస్టంలో ఆయన ఖాతా మూసుకుంది. వాయిదాలు మిగిలి ఉన్నవాళ్లంతా 'క్రియాశీల దాతలు'. ఏమీ మిగలని వాళ్లు 'నిష్క్రియ దాతలు'. నిష్క్రియ దాతకు సిస్టం తనంతట తానే ఒక వీడ్కోలు పంపుతుంది. వెలుగుతున్న దీపం బొమ్మ, దాని పక్కన దాత ఫొటో, కింద 'మీ సేవలు చిరస్మరణీయం'. అది దాతకే కాదు, ఆయన ఫోనులో ఉన్న బంధుమిత్రులందరికీ పోతుంది.

మర్నాడు పొద్దున్నే భాస్కరాచారి గారి చెల్లెలు, మేనల్లుళ్లు వ్యాను మాట్లాడుకుని ఏడుస్తూ దిగారు. ఆయన నోట్లో బ్రష్షుతో తలుపు తీశాడు. చెల్లెలు అక్కడే కూలబడింది. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు గదా అని రెండు రోజులుండి, సినిమా చూసి మరీ వెళ్లారు.

ఈ సంగతి ఊరంతా పాకింది. ఊరివాళ్లు నేర్చుకున్నది ఒకటే, మొత్తం కట్టినవాడికి దీపం వెలిగిస్తారని. క్రియాశీల దాతల ఫొటోలేమో షెడ్డు గోడ మీద రంగుల్లో వెలుగుతున్నాయి, వాళ్లకు పండగలకు శుభాకాంక్షలు వస్తున్నాయి. బాకీ ఎంత పెద్దదైతే ఫొటో అంత పెద్దది. అందరికంటే పెద్ద ఫొటో సత్యానందం గారిది. రాబోయే వార్షికోత్సవం విందు ఖర్చంతా తనదేనని, యాభైవేల నూట పదహార్లని ఆయన మైకులో చెప్పి ఉన్నారు. ఒక వాయిదా కట్టి క్రియాశీలంగా ఉన్నారు.

తక్కినవాళ్లూ ఆయన బాటే పట్టారు. మొదటి వాయిదా కట్టడం, ఆగడం. కానీ నల్లబల్ల మీద పేరు మాత్రం తమ రోజున పడాల్సిందే. వంటకు డబ్బు చాలడం లేదని నేను మొత్తుకుంటే కార్యవర్గం సమావేశమైంది.

"ఇది కొరత కాదు సర్, అనుసంధాన లోపం," అన్నాడు ప్రణీత్. "దాత అయిదింట ఒక వంతు కట్టాడు. మనం మొత్తం భోజనం పెట్టేస్తున్నాం. కట్టిన మేరకే విడుదల చేద్దాం."

"భోజనాన్ని విడుదల చేయడమేంటి బాబూ?" అంది మంగతాయారు. వంట సంగతి గనక ఆవిణ్ణీ పిలిచాం.

"మీ భోజనంలో అంశాలు ఏమిటమ్మా?"

"అంశాలా? అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ."

"అయిదు," అన్నాడు ప్రణీత్ కళ్లు మెరుస్తూ. "వాయిదాలూ అయిదే."

కార్యవర్గం ఆ పొందికకు పులకించింది. మొదటి వాయిదా అందితే అన్నం, రెండోది అందిన రోజున పప్పు, మూడో దానికి కూర, నాలుగోదానికి చారు, అయిదోదానికి మజ్జిగ. అన్నం తిన్నవాళ్లకు మిగతా నాలుగింటికి తేదీలు వేసి కూపన్లు ఇవ్వాలి. వంటగదిలో ఒక స్క్రీను బిగించారు. పచ్చ గడి వెలిగిన అంశమే వండాలి, సరుకు ఆ మేరకే కొనాలి.

"మరి పోపు ఏ వాయిదాలోదండీ?" అని అడిగింది మంగతాయారు.

అడగకపోయినా బాగుండేది. అయిదువేల నూట పదహార్లను అయిదుతో భాగిస్తే వెయ్యిన్నీ ఇరవై మూడు రూపాయల ఇరవై పైసలు. ఆ ఇరవై పైసలు ఏ దాతా కట్టడం లేదు, చిల్లరే కదా అని వదిలేస్తున్నారు. ప్రణీత్ లెక్కగట్టి, ఆ లోటును భోజనంలో అన్నిటికంటే చివర పడే వస్తువు కింద సర్దాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో పోపు చప్పుడు వినబడలేదు.

కొత్త పద్ధతి మొదలైన రోజున వరసలో మొదటి మనిషి నూకరత్నం. కోనసీమ నుంచి వచ్చింది. మొగుడు సింహాద్రి కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పగలంతా అతన్ని ఇటు తిప్పి అటు తిప్పి, ఈ ఒక్క పూట మా దగ్గర తిని రాత్రికి నీళ్లు తాగి పడుకునే మనిషి. ఆకులో అన్నం పడింది. ఆవిడ చెయ్యి కడుక్కుని కూర్చుని కాసేపు చూసింది.

"పప్పు రాలేదండి."

"పప్పు వచ్చే నెల పదో తారీకున," అని నేను కూపన్లు చేతిలో పెట్టాను. అలాగే చెప్పాలని నాకు రాసిచ్చారు.

"ఈ అన్నం ఇప్పుడు తినాలాండి, దాచుకోవాలాండి?"

దానికి రాసిచ్చిన జవాబు లేదు. ప్రణీత్‌ను అడిగాను. "లబ్ధిదారు ఐచ్ఛికం," అన్నాడు. నూకరత్నం ఉప్పు అడిగింది. ఉప్పు అంశాల్లో లేదు. మంగతాయారు ఇంట్లోంచి తెచ్చుకున్న మాగాయ ముక్కలు తీసి ఆకులో వేసింది. ఆ రోజు వరసంతా ఆ మాగాయతోనే తిన్నారు.

మూడో రోజుకు ప్రణీత్ దాన్ని పట్టేశాడు. "వాగ్దానం లేని ఊరగాయ షెడ్డులోకి ఎలా వచ్చింది?" అని నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. మంగతాయారును పిలిచి ఊరగాయకు దాత పేరు చెప్పమన్నాడు.

"మా అత్తగారు పెట్టిందండి."

"ఆవిడ వాగ్దానం చేశారా?"

"ఆవిడ పోయి మూడేళ్లయింది. జాడీ మిగిలింది."

ప్రణీత్ చాలాసేపు ఆలోచించి ఊరగాయను నిషేధించాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "మీరు సంతకం పెట్టారా?" అని అడిగింది. పెట్టాను. రాత్రి నా కంచంలో అన్నం ఒక్కటే వడ్డించి, "కూపను ఉందా?" అంది.

దాతలు వాయిదాలు మొదలెట్టిన నెలలు వేరువేరు గనక, నెల తిరిగేసరికి పాత కూపన్లకు పప్పులు, కూరలు వచ్చే రోజులు మొదలయ్యాయి. ఎవరి రోజుకు ఏది పచ్చ వెలుగుతుందో ఎవరికీ తెలియదు. ఒకడికి చారు వస్తే అన్నం లేదు, ఇంకొకడికి అన్నం ఉంటే చారు లేదు. వార్డుల్లో వాళ్లు దీనికి వాళ్ల దారి వాళ్లు చూసుకున్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆసుపత్రి మెట్ల మీద సంత. రెండు చారు కూపన్లకు ఒక కూర. మజ్జిగకు గిరాకీ లేదు, అయిదో వాయిదా కట్టే దాత పుట్టలేదని అందరికీ తెలిసిపోయింది. చేతిలో ఉన్నవాళ్లు లేనివాళ్లకు అన్నం సగం పెట్టి, సగం పప్పు పుచ్చుకుని, మెట్ల మీదే కలుపుకుని తినేవాళ్లు. ఇంటికి పోయేవాళ్లు రాబోయే కూరను పక్క మంచం వాళ్ల పేర రాసిచ్చి కళ్లొత్తుకునేవాళ్లు.

కొందరు అసలు ఇంటికి పోమన్నారు. ఆసుపత్రి సూపరింటెండెంటు గారు స్వయంగా మా షెడ్డుకు వచ్చారు.

"ఇదేం పద్ధతండీ? డిశ్చార్జి చీటీ రాస్తే, ఇరవయ్యో తారీకు దాకా కదలనంటున్నాడు ఒక పేషెంటు. ఏమయ్యా అంటే, వాళ్లావిడకు కూర రావలసి ఉందంటాడు. నాకు మంచాలు ఖాళీ కావడం లేదు."

"ఇది సంఘం పట్ల ప్రజలకు గల విశ్వాసం," అన్నారు సత్యానందం గారు గంభీరంగా.

"రిటెన్షన్ సర్," అన్నాడు ప్రణీత్. "అంటే వచ్చినవాళ్లు వదలకుండా ఉండిపోవడం. ఈ రంగంలో ఇంత రిటెన్షన్ ఎక్కడా లేదు."

సూపరింటెండెంటు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాడి చూడాలన్నట్టు ఒక అడుగు ముందుకు వేసి, మానుకుని వెళ్లిపోయారు.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. కల్యాణ మండపాలు మూడున్నా, నిరాడంబరంగా షెడ్డు ముందే షామియానా వేయించారు సత్యానందం గారు. క్రియాశీల దాతలందరికీ ఆహ్వానాలు వెళ్లాయి. నిష్క్రియుడు గనక భాస్కరాచారి గారికి వెళ్లలేదు. నేనే నోటిమాటగా చెబితే వచ్చి చివర నిలబడ్డాడు. ఉపన్యాసాలు ఎండ నడినెత్తికొచ్చే దాకా సాగాయి. వాగ్దానాల గీత షామియానా కూడా దాటిపోయిందని ప్రణీత్ ప్రకటించాడు. శాలువాలు కప్పారు. అందరి చూపులూ వంటగది వైపు మళ్లాయి.

విందులో పూర్ణం బూరెలు, పులిహోర ఉంటాయని పదిరోజులుగా ఊరంతా అనుకుంటున్నదే. బల్లల మీద పెద్ద పెద్ద అరిటాకులు వేశారు. మంగతాయారు గిన్నె పట్టుకుని వచ్చి, అందరి ఆకుల్లోనూ అన్నం వడ్డించి, వెనక్కి వెళ్లి స్క్రీను కింద చేతులు కట్టుకు నిలబడింది.

సత్యానందం గారు కాసేపు ఓపిక పట్టారు.

"పప్పు పంపమ్మా."

"పచ్చ గడి లేదండి."

"విందు నాది. నేను చెబుతున్నాను."

"తమరిది ఒక్క వాయిదాయే వచ్చిందండి. అన్నం వరకే పచ్చ. సరుకు కూడా ఆ మేరకే తెచ్చేం. తమరి విందుకి పొయ్యి మీద ఇంకేం లేదండి."

ఆయన నా వైపు చూశారు. నేను తీర్మానం పుస్తకం తెరిచి, అధ్యక్షులతో సహా ఎవ్వరును అన్న చోట వేలు పెట్టి చూపించాను. చూపించేటప్పుడు నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధమవుతుంది. ప్రణీత్ అధ్యక్షుల చెవిలో, బూరెలు అయిదో వాయిదా కింద వస్తాయని, అందరికీ కూపన్లు సిద్ధంగా ఉన్నాయని చెప్పాడు.

ఊళ్లోని పెద్దమనుషులంతా వట్టి అన్నం ముందు కూర్చుని, ఒకరి ఆకు ఒకరు చూసుకోకుండా షామియానా అంచులు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు నూకరత్నం వచ్చింది.

సింహాద్రిని వారం కిందటే ఇంటికి పంపేశారు. ఇవాళ కాలు చూపించుకోమంటే పొద్దున్నే బస్సులో తీసుకొచ్చి, ఆసుపత్రి లోపల బల్ల మీద కూర్చోబెట్టి వచ్చింది. కొంగు ముడి విప్పి కూపను ఇచ్చింది. పదో తారీకు, అంటే ఇవాళే. ఆవిడ మాగాయతో అన్నం తిన్న ఆ మొదటి రోజు దాత ఎవరో గానీ, పొరపాటున రెండో వాయిదా కట్టాడు. స్క్రీను మీద పప్పు పచ్చగా వెలిగింది. మంగతాయారు వెనక పొయ్యి మీద చిన్న గిన్నెలో ఆ పప్పు వండి ఉంచింది. ఆ రోజు తిన్నవాళ్లలో తక్కినవాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారు. వచ్చింది ఈవిడ ఒక్కతే. బల్లలు ఖాళీ లేక, వరస చివర సత్యానందం గారికి ఎదురుగా కూర్చోబెట్టి, ఆకు వేసి గిన్నెడు పప్పు వడ్డించాం. అన్నం పెట్టడానికి లేదు. ఆవిడ అన్నం పోయిన నెలలోనే తినేసింది.

నూకరత్నం తన ఆకులో పప్పు చూసుకుంది. ఎదుటి ఆకులో అన్నం చూసింది. ఆవిడకు ఇది కొత్త కాదు.

"బాబుగారూ, నేనింకా చెయ్యి పెట్టలేదండి, ఎంగిలి కాదు," అంటూ ఆకు ఎత్తి సగం పప్పు సత్యానందం గారి అన్నం మీదకు వంచింది. "ఇటు రెండు గుప్పెళ్ల అన్నం పెట్టండి. మెట్ల మీద మేమంతా ఇలాగే తిన్నామండి."

సత్యానందం గారు ఒకసారి ఆ పప్పును, ఒకసారి ఆవిణ్ణి చూసి, తన ఆకులోంచి అన్నం సగానికి సగం తీసి ఆవిడకు పెట్టారు. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"పోపు లేదేం?" అన్నారు నెమ్మదిగా.

"ఇరవై పైసలు తక్కువండి," అంది మంగతాయారు.

ప్రణీత్ కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. "సర్, అధ్యక్షుల ఆకులోకి నమోదు కాని పప్పు వచ్చింది. ఏ దాత కింద ఎక్కించాలి?"

"నూకరత్నం," అన్నాను.

"వాగ్దానం?"

"లేదు."

"బాకీ?"

"అదీ లేదు."

వేళ్లు టకటకా ఆడించాడు. స్క్రీను మీద అక్షరాలు పడ్డాయి. నూకరత్నం, నిష్క్రియ దాత. సత్యానందం గారు ముద్ద మింగడం ఆపి దాన్ని చదివారు. ఆ మాట నిన్నటిదాకా నేనూ ఎన్నోసార్లు చదివాను. ఈసారి చదివితే సిగ్గేసింది. లేచి వెళ్లి నల్లబల్ల మీద 'నేటి అన్నదాత' కింద ఉన్న పేరు చెరిపి ఆవిడ పేరు రాశాను. ఆవిడ చూడలేదు. మొగుడి కోసం మిగిలిన ముద్ద ఆకులో పొట్లం కడుతోంది.

"పరంధామయ్య గారూ, మైకు ఇలా తెండి," అన్నారు సత్యానందం గారు నాతో. నేను తీసుకెళ్లేలోగా, "వద్దు లెండి," అన్నారు. ఎడమ చేత్తో జేబులోంచి ఫోను తీసి, మిగిలిన నాలుగు వాయిదాలూ అక్కడే కట్టేశారు. పైసలతో సహా. వంటగదిలో స్క్రీను ఆకుపచ్చగా నిండిపోయింది. మంగతాయారు పప్పుల కొట్టుకు మనిషిని తరిమింది. ఆ సాయంత్రం వార్డుల్లో ఉన్న ప్రతి మనిషికీ అయిదు అంశాలూ ఒకే ఆకులో పడ్డాయి. షెడ్డులో పోపు చప్పుడు వినబడగానే వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

మర్నాడు తెల్లారేసరికి సత్యానందం గారింటి ముందు కార్లు బారులు తీరాయి. వియ్యంకుడు పూలదండ తెచ్చాడు. ఆయన పంచెతో గుమ్మంలో నిలబడి, నేను బాగానే ఉన్నాను మొర్రో అంటున్నా ఆడవాళ్లు ఏడుపు ఆపడం లేదు. నేను వెళ్లేసరికి భాస్కరాచారి గారు అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఉన్నారు.

"మొదటి రెండు రోజులే ఇలా ఉంటుందండి," అంటున్నారు ఓదార్పుగా. "తర్వాత వాళ్లు సినిమాకి పోతారు."